జవాబుల పేజీలు కోసుకుపోయారు

వనపర్తిలో గ్రూప్స్‌కు చదివేవాళ్ళం పన్నెండు మందిమి ఒక గది తీసుకొని, తలా ఒక పుస్తకం తెచ్చి పెట్టుకున్నాం. నేను తెచ్చింది ప్రపంచ చరిత్ర ప్రశ్నలు, జవాబుల పుస్తకం. ఈ రోజు ఫ్రెంచి విప్లవం మీద నలభై ప్రశ్నలకు జవాబులు రాసుకొని, సరిచూసుకుందామని వెనక పేజీలు తిప్పాను. జవాబుల పేజీలు ఒక్కటీ లేవు. తొందరలో చింపినట్టు కూడా లేదు, స్కేలు పెట్టి నీటుగా కోశారు.

గది తాళం చూసుకునే యాదన్నకు చూపించాను. ఆయనా మాతోపాటు చదివేవాడే.

"పరేషాన్ గాకు చెల్లె, ప్రశ్నలైతే ఉన్నయి గద," అన్నాడు.

"ప్రశ్నలు మా ఇంట్ల గూడ మస్తున్నయన్నా. జవాబుల కోసమే రోజు బిజినేపల్లి నుంచి బస్సెక్కి వస్తున్న," అన్నాను.

గదిలో ఒక్కరూ తలెత్తలేదు. అందరూ అంత శ్రద్ధగా చదవడం ఇదే మొదటిసారి చూశాను. సమానత్వం, సౌభ్రాతృత్వం ఏ విప్లవ నినాదాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ పేజీల్లోనే పోయింది.

వాటిని బట్టీపట్టి మాలో ఒకరు ఆఫీసరు కావచ్చు. రేపు మీ ఫైల్లో కాగితం మాయమైతే, ఆ పని ఎక్కడ నేర్చుకున్నారో నన్నడగండి, చెబుతాను.