నీళ్లు మానేసిన రెండు రోజులు

ఆ ఉదయం మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. చూసి భయపడాల్సింది పోయి సంబరపడ్డాను. ఒంట్లో నీరు దిగిపోయింది, ఇక నరాలు బాగా తేలతాయి అనుకున్నాను.

నేను డూప్‌ని. హీరోకి బదులు దూకడం, దెబ్బలు తినడం, అవసరమైతే చొక్కా విప్పడం నా పని. ముఖం ఆయనది, ఒళ్లు నాది. ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో చొక్కా లేని షాట్ ఉంది. దానికోసం రెండు రోజులుగా ఉప్పు మానేశాను, నీళ్లు దాదాపు మానేశాను. జిమ్‌లో ఒకతను ఇచ్చిన వాటర్ టాబ్లెట్లు మింగాను. వాటితో మూత్రం ఎక్కువగా పోయి, ఒంట్లో మిగిలిన నీరు కూడా దిగిపోతుంది. మా పనిలో ఇది కొత్త కాదు. చాలామంది చేస్తారు, ఎవరూ పైకి చెప్పరు.

కండలు పొంగడానికి షాట్‌కి ముందు పుషప్స్ కొట్టాను. మూడో టేక్ ఓకే అయ్యాక పిక్కలు పట్టేశాయి. గోడ పట్టుకుని కూర్చోబోయి పడిపోయాను.

ప్రొడక్షన్ మేనేజర్ నన్ను కారెక్కించాడు. "జ్వరమని చెప్పండి. సెట్‌లో సంగతి ఎత్తకండి. పబ్లిసిటీ అంతా హీరోగారి బాడీ మీదే నడుస్తోంది" అన్నాడు. ఆయన చెప్పక్కర్లేదు. నోరు విప్పిన డూప్‌కి మళ్లీ పిలుపు రాదని నాకు తెలుసు.

దగ్గర్లోని క్లినిక్‌లో డాక్టర్ అడిగారు, "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఏం లేదు సార్. జ్వరం, ఒళ్లు నొప్పులు."

ఆయన నమ్మారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, నీళ్లు బాగా తాగమన్నారు. యూసుఫ్‌గూడలో ఇంటికొచ్చి చెంబులకొద్దీ తాగాను. తాగినవి తాగినట్టే లోపల ఉండిపోయాయి. మర్నాటికి చుక్క మూత్రం రాలేదు, ముఖం ఉబ్బింది. నా భార్య స్వప్న ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది ఆరు దాటింది. పొటాషియం కూడా పెరిగింది. "అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి" అన్నారు అక్కడి డాక్టరమ్మ. "కారణం దొరకట్లేదండీ. ఏమైనా దాస్తున్నారా?" అని అడిగారు. తేలు కుట్టిన దొంగలా పడుకున్నాను.

సాయంత్రం బట్టల కోసం నా బ్యాగు తెరిచిన స్వప్నకి మాత్రల స్ట్రిప్ దొరికింది.

"గీ గోలీలు ఏంది?"

"ఊకో. తర్వాత చెప్త."

"తర్వాతంటే ఎప్పుడు? నువ్వు పోయినంకనా?"

ఆ స్ట్రిప్ పట్టుకుపోయి డాక్టరమ్మ టేబుల్ మీద పెట్టింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నీళ్లు లేని ఒంట్లో ఈ టాబ్లెట్, దాని మీద పెయిన్ కిల్లర్. కిడ్నీలు తట్టుకోలేకపోయాయి. మీరు చెప్పుంటే ఆ క్లినిక్ డాక్టర్ ఆ ఇంజెక్షన్ ఇచ్చేవారు కాదండీ" అన్నారు. "ఏం లేదు సార్" అన్న నా గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. స్నానం చేస్తుంటే వినిపిస్తుంది, అన్నం ముందు కూర్చున్నా వినిపిస్తుంది.

మెడలో గొట్టం వేసి ఐదుసార్లు డయాలసిస్ చేశారు. ఆరో రోజు కొద్దిగా మూత్రం వచ్చింది. స్వప్న దాన్ని కొలిచి కాగితం మీద రాస్తూ ఏడ్చింది.

రెండు నెలలకి కుదుటపడ్డానన్న పొగరుతో మళ్లీ పెద్ద బరువులెత్తాను, జిమ్‌లో అమ్మే డబ్బాల్లోని ప్రొటీన్ పొడి కలుపుకుని తాగాను. క్రియాటినిన్ మళ్లీ పెరిగింది. "కండ కట్టడానికి నెలలు పడుతుంది. కిడ్నీ పాడవడానికి రెండు రోజులు చాలు. ఏది కావాలో మీరే చెప్పండి" అన్నారు డాక్టరమ్మ. ఇప్పుడు ఆ అంకె ఒకటిన్నర దగ్గర ఆగింది. ఇంకా దిగడం కష్టమట.

సినిమా విడుదలైంది. వెళ్లకూడదనుకుంటూనే ఇద్దరం వెళ్లాం. హీరో చొక్కా విప్పే షాట్ రాగానే హాలంతా ఈలలు. వాళ్లు ఉంచింది ఆ మూడో టేక్‌నే. "బాడీ అంటే గట్లుండాలె" అన్నాడు పక్కసీటతను. స్వప్న నా చేయి గట్టిగా పట్టుకుంది. తెర మీద చచ్చిపోయిన మనిషిని చూస్తున్నట్టు అనిపించింది నాకు. భయమేసి ఇంటర్వెల్‌లోనే వచ్చేశాం.

ఇప్పుడు ఫైటర్లకి రిహార్సల్ చేయిస్తున్నాను. రోజూ పొద్దున నడక, డాక్టరమ్మ ఒప్పుకున్నంత బరువు, ఇంటి తిండి, వేళకి నిద్ర. నీళ్లు ఆమె చెప్పిన లెక్కన తాగుతాను. చూడ్డానికి ఇందులో గొప్పేమీ లేదు, ఎవరూ ఈల వేయరు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఆ రిపోర్టు స్వప్నే విప్పుతుంది, అంకె ఎంతో తనే చదివి చెబుతుంది.

మీకు చెప్పగలిగింది ఒకటే. ఏ మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే, జిమ్‌లో ఇచ్చినవైనా, స్నేహితుడు ఇచ్చినవైనా, మింగినవన్నీ చెప్పండి. పేరు తెలియకపోతే స్ట్రిప్ చేతిలో పెట్టండి. ఎవరి పరువో పోతుందని దాచకండి. నేను ఎవరి కోసం నోరు మూసుకున్నానో, ఆ హీరోగారికి నా పేరు కూడా తెలియదు.