ఓటు వెయ్యని మాస్టారు

పేరిన్బనాయగం మాస్టారి దగ్గర నేను పదకొండేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. కళువాంచికుడి బడిలో లెక్కలు చెప్పుకునే ఆయనను శ్రీలంక తూర్పు తీరంలోని మా మట్టక్కళప్పు తమిళులు మూడుసార్లు పార్లమెంటుకు పంపారు. యుద్ధకాలంలో ఎవరో ఎత్తుకుపోగా కనిపించకుండా పోయిన మావాళ్ల పేర్లు ఆయన అక్కడ లేచి చదివేవారు. ఎదుటి వరుసలవారు కేకలు వేస్తే, అవి సద్దుమణిగేదాకా నిలబడి మళ్లీ అందుకునేవారు.

ఆ ఏడాది బడ్జెట్ నెగ్గేదీ ఓడేదీ రెండు మూడు ఓట్ల మీద ఉంది; మాస్టారి ఓటు దానికి వ్యతిరేకం. ఓటింగుకు ముందురోజు పొద్దున కొలంబోలో మేం పిట్టు తింటుండగా, ఊరి నుంచి ఆయన భార్య తిలకం అక్క ఫోన్ చేసింది. ఆమె తమ్ముడు కుగదాసన్‌ను ఎవరో వ్యానులో ఎత్తుకుపోయారు. కాసేపటికి మరో ఫోన్. నేనే తీశాను.

"రేపు మీ మాస్టార్ని ఓటెయ్యొద్దని చెప్పు. వేశాడో, బావమరిది శవం కూడా దొరకదు."

తిలకం అక్కకు మళ్లీ ఫోన్ కలిపి ఆ మాట చెప్పాం.

"ఏమండీ, మీరు ఇన్నేళ్లు అరిచారు. ఒక్కడైనా తిరిగొచ్చాడా? నా తమ్ముడొక్కడు రావాలి, అంతే," అంది.

 మర్నాడు మాస్టారు తెల్లచొక్కా తొడుక్కుని సభకు బయల్దేరారు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"మాస్టారూ, వద్దు. వాళ్లు అన్నంత పనీ చేస్తారు."

"ఓటెయ్యొద్దన్నారు. నోరు మూసుకోమనలేదుగా."

సభలో ఆయన లేచి నిలబడ్డారు. "నా బావమరిదిని నిన్న ఎత్తుకెళ్లారు. ఓటేస్తే చంపుతామన్నారు. అందుకే వెయ్యడం లేదు. ఇది రికార్డులో రాయండి." ఆ రోజు ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆయన బయటికి నడిచారు. బడ్జెట్ నెగ్గింది.

రెండు రోజులు ఏ కబురూ లేదు. తిలకం అక్క ఫోన్ పక్కనే కూర్చుంది. మూడోరోజు మధ్యాహ్నం కుగదాసన్‌ను కల్లారు వంతెన దగ్గర వదిలేశారు. రెండు వేళ్లు విరిచారు. మాస్టార్ని చూడగానే మండిపడ్డాడు.

"నాకోసం ఎందుకు వంగావు బావా? వేసెయ్యాల్సింది!"

"వేసుంటే నన్నిలా తిట్టడానికి నువ్వుండేవాడివి కాదురా."

తరువాతి ఎన్నికల్లో ఆయన అమ్ముడుపోయాడని గోడల మీద రాశారు. కుగదాసన్ వంకరపోయిన వేళ్లు చూపిస్తూ ఇంటింటికీ తిరిగి జరిగింది చెప్పాడు. కొందరు నమ్మారు, చాలామంది తలుపేసుకున్నారు. మాస్టారు నాలుగు వందల ఓట్లతో ఓడిపోయి, ఇంటి వరండాలో పిల్లలకు మళ్లీ లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. సాయంత్రాలు కుగదాసన్ వచ్చి ఆయన ఎదుట కూర్చుంటాడు. రాజకీయాలు మాత్రం ఎత్తడు.