వరహాలమ్మ ఎదురింట్లో ఇచ్చిన తాళంచెవి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి ఇది. మల్కాపురంలో ఆయిల్ ట్యాంకర్లు మలుపు తిరిగే చోట నా తాళాల కొట్టు ఉంది. నేను బడికి వెళ్లింది తక్కువ. గిరాకీలు తాళాలకు చుట్టి తెచ్చే పాత పేపర్లు చదివే చదువు నేర్చుకున్నాను. అందుకే మొహమాటం లేకుండా ఒక మాట రాస్తాను. మద్దిలపాలెం అపార్ట్‌మెంట్లలోకి పనికి వెళితే, "మల్కాపురమా? అక్కడ దొంగలు ఎక్కువటగా" అంటారు. అన్నవాడు ఒక్కసారి కూడా ఇటు వచ్చి చూడడు. దొంగతనాలు జరగవని నేననను, తాళాలు బాగుచేసేవాడికి తెలియకపోతే మరెవరికి తెలుస్తుంది? కానీ ఒక పేటకు దొంగల పేటని పేరు పెట్టేశాక, అక్కడ పేదవాళ్ల ఇంట్లో బిందె పోతే అడిగే నాథుడుండడు. వరహాలమ్మ విషయంలో జరిగింది అదే.

ఆవిడ భర్త పోర్టులో క్రేన్ నడిపి, రిటైరైన కొన్నాళ్లకు పోయాడు. పిల్లలు లేరు. మా కొట్టు వెనక సందులో రెండు గదుల సొంత ఇల్లు. ఒకరోజు వచ్చి, "అన్నయ్యా, తాళం మార్సీయాల. ఇంట్లోకి ఎవుడో వస్తన్నాడు" అంది. బజారుకు వెళ్లొచ్చేసరికి ఇత్తడి బిందె లేదట. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉందట. కొత్త తాళం బిగించి వచ్చాను. కొన్నాళ్లకు కుక్కరు పోయింది. మళ్లీ మార్చాను. ఆ తర్వాత మిక్సీ.

ఈసారి నేను వెళ్లేసరికి ఎలమంచిలి నుంచి ఆవిడ తమ్ముడు అప్పలరాజు వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఏటి మేస్త్రీ, మళ్లీ తాళమేనా? మా అప్ప మతిమరుపు నీకు బాగా కలిసొస్తంది."

"మూడేళ్లకోపాలి అప్ప గుర్తొచ్చేది నీకు. మతిమరుపు నాకా?" అంది వరహాలమ్మ లోపలినుంచి.

అతను నన్ను గుమ్మం బయటకు తీసుకెళ్లాడు. "ఇల్లు అమ్మీసి నాతో వచ్చీమంటన్నాను. ఒక్కర్తే ఉండి బుర్ర పాడుసేసుకుంది. ఆదివారం బేరగాడొస్తన్నాడు. దొంగా లేడు, దొరా లేడని నువ్వు ఒక్క మాట సెప్పీ. నీ మాట వింటాది."

నాకు ఒళ్లు మండింది. ఆవిడను పిచ్చిది చేస్తే ఇల్లు అమ్ముడైపోతుంది! నేను చెప్పనన్నాను. తాళం ఊడదీసి ఎండలో పెట్టి చూశాను. తాళం లోపల లివర్లని పలకలుంటాయి, చెవి తిప్పితే అవి లేచి దారిస్తాయి. కడ్డీ పెట్టి కెలికితే వాటి మీద గీతలు పడతాయి. ఒక్క గీత కూడా లేదు. అయితే ఏదీ పోయి ఉండకూడదు, లేదా తీసినవాడు చెవితోనే తీసి ఉండాలి.

"సెల్లెమ్మా, కొత్త తాళంతో మూడు చెవులిచ్చాను గదా. ఎక్కడెట్టావు?"

"ఒకటి నా కొంగునుంది. ఒకటి దేముడి కాడ. ఒకటి ఎదురింట్లో ఇచ్చినాను."

"మార్చినప్పుడల్లా ఇచ్చావా?"

"మరి తాళం మారితే పాత సెవి వాళ్లకేటి పనికొస్తాది?" అంది, నాకు ఆ మాత్రం తెలియనందుకు విసుక్కుంటూ.

పోర్టు షిఫ్టుల ఇళ్లలో ఇది పాత అలవాటు. మగవాడు ఏ షిఫ్టు దిగి ఎప్పుడొస్తాడో తెలియదు, ఆడమనిషి కుళాయి దగ్గరో బజారులోనో ఉంటుంది. అందుకని ఒక చెవి ఎదురింట్లో ఉండేది. అయితే వరహాలమ్మకు తెలిసిన ఎదురింటివాళ్లు ఏనాడో గాజువాక వెళ్లిపోయారు. ఇప్పుడా వాటాలోకి అద్దెవాళ్లు వస్తుంటారు, పోతుంటారు.

"ఇప్పుడున్నాయన పేరేటి?"

"తెలీదు. తలుపు తీసినాయనకిచ్చినాను. తీసుకున్నాడు, మంచోడే."

అప్పలరాజు నెత్తి కొట్టుకున్నాడు. "దొంగ సేతికి తాళాలిచ్చినావే అప్పా!"

ఆయనే దొంగ అని నేననను. అద్దెవాళ్లు ఖాళీ చేసేటప్పుడు చెవులు మేకుకు వదిలేసి పోతారు, వాటి మీద ఎవరి చెయ్యి పడిందో ఈనాటికీ తెలియదు. "ఇక మీదట ఎవరికీ ఇవ్వకు" అని మాత్రం చెప్పాను.

"ఇవ్వకపోతే ఎలాగన్నయ్యా? నాను లోపల పడిపోతే తలుపెవుడు తీస్తాడు? బిందె పోతే పోనాది. నానలాగే పడుంటేనో?"

పేరు తెలియని మనిషికి ఆవిడ చెవి ఇచ్చింది అందుకు. తలుపు లోపలివైపు చూశాను. పైనొకటి, కిందొకటి టవర్ బోల్టులున్నాయి, అంటే లోపలినుంచి వేసుకునే గడియలు. రాత్రి వేసుకుంటావా అని అడిగితే, "రెండూ ఏసుకుంటాను. బయ్యం కదేటి" అంది. గడియ వేసిన తలుపును బయటనుంచి ఏ చెవీ తీయలేదు. పడిపోతానేమోనని ఆవిడ భయపడిన ఏ రాత్రీ ఆ చెవి ఆవిడకు అక్కరకు వచ్చేది కాదు. పగటిపూట దొంగకు మాత్రం వచ్చింది. ఆ మాటే చెప్పాను. తమ్ముడు లేచి వచ్చి పై గడియను వేసి, తీసి చూశాడు.

కొత్త తాళం బిగించాక వరహాలమ్మ దాని చెవి ఒకటి నాకు చాపింది. "అయితే నువ్వుంచు. పగలైనా పనికొస్తాది."

గిరాకీ చెవి మా వృత్తిలో దగ్గర పెట్టుకోం. ఏది పోయినా ముందు తాళాలవాణ్ణే పట్టుకుంటారు. నేను చెయ్యి చాపలేదు.

"నీ ఇంటి సెవి ఎవరి కాడుందన్నయ్యా?" అని అడిగింది.

మా ఆవిడ పోయినప్పటి నుంచి అన్ని చెవులూ నా దగ్గరే ఉన్నాయి. ఈ పేటలో సగం తలుపులకు తాళాలు బిగించినవాణ్ణి, ఎవరి దగ్గరా లేదని ఒప్పుకున్నాను.

బేరగాణ్ణి రావద్దని అప్పలరాజే ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏదీ పోలేదు. ఒక పేట భద్రమైనదా కాదా అని నన్నెవరైనా అడిగితే, ఇప్పుడు దొంగతనాల మాట ఎత్తను. "మీ తలుపు తెరుచుకోకపోతే ముందు ఎవరికి తెలుస్తుంది?" అని తిరిగి అడుగుతాను. అపార్ట్‌మెంటువాళ్లు కెమెరా చూపిస్తారు.

చెవి తీసుకోలేదు గానీ, రోజూ కొట్టుకు పోతూ ఆవిడ తలుపు తడతాను. "ఉన్నాన్లే, ఎల్లు" అంటుంది. నేను రాని రోజు కనుక్కోవలసింది ఆవిడ. మొన్న వానల్లో జ్వరమొచ్చి లేవలేకపోయాను. మధ్యాహ్నం కాకముందే మా తలుపు దబదబా మోగింది. "అన్నయ్యా! ఉన్నావా, పోనావా? నోరెత్తి సెప్పవేటి!" గోడ పట్టుకుని వెళ్లి గడియ తీయడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆవిడ అక్కడే నిలబడి తిడుతూనే ఉంది.