పిడి లేని పారకు మా తాత పెట్టిన పిడి

మా తాత పేరు హైజియన్, అంటే నల్లభుజం. ఆ నలుపు కొలిమి పొగది కాదు, పుట్టుకతో వచ్చిందే. భుజాలు మాత్రం ఏటవాలుగా జారి ఉంటాయి, మీద ఏ గుడ్డ వేసినా నిలవదు. లువో నది ఒడ్డున కంచు కరిగించి పోసే రాజుగారి పోతకొట్టంలో ఆయన అచ్చులు చేసే పార ఆకారపు నాణేలకూ అచ్చంగా అవే భుజాలు. అద్దంలో చూసుకుని చేశాడని నాయనమ్మ అంటుంది.

ఆ నాణెం అరచేతిలో పట్టేంత పార. మెడ గొట్టంలా బోలుగా ఉంటుంది కాబట్టి నిజంగానే పుల్ల దూర్చుకోవచ్చు. తాత దూర్చేవాడు కూడా. రాజుగారి కంచుతో పెరట్లో ఉల్లికాడల మధ్య కలుపు తీసేవాడు. “పారన్నాక పని చెయ్యాలి,” అనేవాడు. నాయనమ్మ అలికిడి వినబడితే పార అంగీ చేతిలోకి జారిపోయేది.

ఆ బోలు మెడే తాత బతుకు. కంచు పోసేటప్పుడు మెడ మధ్యలో సన్నటి మట్టి మేకు నిలపాలి. అది ఒరిగిందంటే పోతంతా పాడు. ఆ మేకులు చెయ్యడంలో ఆయనకు ఎదురులేదు. అందుకే కొలిమి పక్కనున్న వెచ్చటి పీట ఆయనది. చలికాలమంతా దాని మీద కూర్చుని ఎండు రేగుపళ్లు కాల్చుకు తినేవాడు.

ఒక చలికాలం మొదట్లో కొట్టం అధికారి కొత్త నమూనా తెచ్చాడు. మెడ బల్లపరుపు, గొట్టం లేదు. కింద రెండు చదరపు పాదాలు. అంటే ఇక మేకుతో పని లేదు.

“పెద్దాయనా, వచ్చే పోత నాటికి ఈ అచ్చు సిద్ధం చెయ్యి. చెయ్యకపోతే ఆ పీట ఇక్కడే పనిచేసే నీ అల్లుడిది, నువ్వు మట్టి తొక్కాల్సిందే,” అన్నాడు.

మట్టి తొక్కేది ఆరుబయట, నది గాలిలో. తాత మోకాళ్లు ఇంట్లో నడిస్తేనే కిర్రుమంటాయి. అయినా ఆయన అచ్చు ముట్టుకోలేదు. నేరుగా సంతకు పోయాడు.

“అక్కా, విన్నావా? కొత్త పారలొస్తున్నాయంట. పిడి పెట్టుకోడానికి చిల్లే లేదంట! అది పారా, పీటచెక్కా?”

“మరి దాంతో ఏం చేసుకోవాలి?” అంది చేపలమ్మే ఆవిడ.

“వీపు గోక్కో!”

సంతంతా గొల్లున నవ్వింది. పొద్దు వాలేసరికి పిడి లేని పారలు పుచ్చుకోం అనేసింది కూడా. తాత గెలిచిన కోడిపుంజులా నడిచి, నాయనమ్మ కొర్రకుడుములు అమ్మే చోటికి వచ్చి, కుడుములిమ్మని దర్జాగా ఒక బోలుమెడ పార ఆమె ముందు పడేశాడు.

నాయనమ్మ దాన్ని తలకిందులు చేసి రాయి మీద టకటకా కొట్టింది. మెడలోంచి ఎండుమట్టి జలజలా రాలింది.

“ఏందయ్యా ఇది?”

“మేకు. పోత పోశాక లోపలే వదిలేస్తాంలే. పిడి కావాలనుకున్నోడు గోకి తీసేసుకుంటాడు.”

“అంటే పెళ్లయినకాణ్ణుంచీ నాతో మట్టి మోయిస్తున్నావా?”

“అది కాదే...”

“మట్టికి మట్టే!” అని ఆకులో ఒక మట్టిబెడ్డ పెట్టి చేతికిచ్చింది.

పక్కనున్నవాళ్లంతా తమ పారలు తీసి కొట్టుకోవడం మొదలుపెట్టారు. నాయనమ్మ గొంతు ఇంకా పెంచింది. “ఉత్తరాది నుంచొచ్చే పారల మొనదేలిన కాళ్లు నా సంచీ చించుతాయి. ఈయన పారలు నా పిండిలో మట్టి పోస్తాయి. నోరు మూసుకుని పడుండే పార ఒక్కటి చేసినోడికి రోజూ కుడుములు ఊరికే పెడతా!”

ఇంటికొచ్చాక తాత గోడవైపు తిరిగి కూర్చున్నాడు. “అల్లుడున్నాడుగా, ఆణ్ణే చెయ్యమను.”

“అతను గీస్తే పార కాదు, చెప్పు వస్తుంది,” అంది నాయనమ్మ. “అయినా ఈ చలిలో మట్టి తొక్కొచ్చి ఆ మంచుకాళ్లు నా మీద పెట్టు, చెప్తా నీ సంగతి!”

మర్నాడు పొద్దున్నే తాత కొట్టానికి పోయి అచ్చు చెక్కడం మొదలుపెట్టాడు. అచ్చు చూసిన అధికారి కనుబొమలు ముడేశాడు. పార మీద చెక్కిన రెండు అక్షరాల నడుమ పైనుంచి కిందికి నిలువుగా ఒక గీత ఉంది.

“ఇదేంటి?”

“అటో అక్షరం, ఇటో అక్షరం కదా దొరా. మధ్యన గోడ లేకపోతే కొట్టుకుంటాయి.”

అధికారి మెచ్చుకుని తలూపాడు. పోత బాగా కుదిరింది. పీట తాత కిందే ఉండిపోయింది. నేను వెళ్లేసరికి దాని మీద కూర్చుని రేగుపళ్లు కాలుస్తున్నాడు.

“తాతా, అక్షరాలు కొట్టుకుంటాయా? నాకొచ్చిన నాలుగూ బాగానే ఉంటున్నాయే?”

ఆయన ఇంకా వెచ్చగా ఉన్న కొత్త పార నా చేతిలో పెట్టి, గీత వెంట గోరు నడిపాడు. “పిడి,” అన్నాడు గుసగుసగా. “బయట పెట్టనివ్వలేదుగా. లోపల పెట్టేశా.”

చలి తగ్గాక నాయనమ్మ ఉల్లికాడలు కోయడానికి పెరట్లోకి వెళ్లింది. చీల్చిన పుల్లలో ఇరికించి నారతో బిగించి కట్టిన చదరపు పాదాల పార ఒకటి పట్టుకొచ్చింది.

“దీనితో కూడా పని చేయిస్తున్నావా?”

తాత ఏటవాలు భుజాలు ఎగరేశాడు.

“నోరు మూసుకునే చేస్తోందే.”