మా వీధి పూలదొంగలు

రామంతాపూర్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో నేను సోషియాలజీ చెబుతాను. మనుషులు నేరాల వైపు ఎందుకు మళ్లుతారన్నది నాకు బాగా ఇష్టమైన పాఠం. పేదరికం, సావాసం, సంఘం వేసే ముద్ర అంటూ బోర్డు నిండా రాసి, నేరమంటే ఎక్కడో దూరాన జరిగేదన్నట్టు నాచారంలోని ఇంటికి వచ్చేస్తాను. ఇంట్లో మా అత్తమ్మ ఉంటుంది.

మా వీధిలో తెల్లవారగానే పెద్దవాళ్ల వాకింగ్ మొదలవుతుంది. పేరుకే వాకింగ్. ప్రతి చేతిలోనూ ఒక కవరు ఉంటుంది. ప్రహరీ దాటి బయటికి వంగిన కొమ్మ ఎవరిదైనా సరే, పూజవేళకు ఖాళీ కావలసిందే. మా అత్తమ్మ చినుకు లేని రోజు కూడా గొడుగు పట్టుకుని వెళుతుంది. అందని కొమ్మలను దాని వంకీతో వంచుతుంది. మన గేటు పక్కనే మందారాలు విరగబూస్తుంటే ఇదేం పని అని ఒకసారి అడిగాను. పరాయి చెట్టు పూలతో పూజ చేస్తే పుణ్యంలో సగం ఆ చెట్టు పెంచినవాళ్లకే పోతుందట. కాబట్టి ఆమె వాళ్లకు మేలే చేస్తోందట. తప్పు చేసేవాడు సాకు ముందే సిద్ధం చేసుకుంటాడని నేను క్లాసులో గంటసేపు చెప్పే విషయాన్ని ఆమె పప్పులో తాలింపు వేస్తూ తేల్చేసింది.

మా వీధి అసోసియేషన్ ప్రెసిడెంటు గారి గులాబీలు వరసగా మాయమవడంతో గొడవ మొదలైంది. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు గుమస్తా, గులాబీలంటే ప్రాణం. సరిగ్గా అప్పుడే పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య తలలో ఒక ఎర్ర గులాబీ కనిపించింది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. సాయంత్రానికల్లా ఆమె పూలదొంగ అయిపోయింది. వచ్చే ఆదివారం మీటింగు పెట్టి, అపార్ట్‌మెంటు వాళ్లతో చెప్పి వాచ్‌మన్‌ను తీసేయిద్దామన్నారు. ఉద్యోగంతో పాటు సెల్లార్‌లో వాళ్లుండే గది కూడా పోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా గేటు మీది కెమెరాకు వీధంతా కనిపిస్తుంది. మీటింగుకు ముందురోజు కూర్చుని ఫోన్‌లో వెనక్కి తిప్పి చూశాను. ప్రెసిడెంటు గారు అటూ ఇటూ చూసి మా మందారాలు కోస్తున్నారు. ఆయన అటు మలుపు తిరగగానే మా అత్తమ్మ గొడుగుతో ఆయన గులాబీల మీద పడింది. ఆమె కవరులోంచి ఒకటి జారి రోడ్డు మీద పడింది. కాసేపటికి ఊడుస్తూ వచ్చిన వాచ్‌మన్ భార్య దాన్ని తీసి, దుమ్ము ఊది, తలలో పెట్టుకుంది.

ఇది నలుగురిలో చూపిస్తే అత్తమ్మ పరువేం కావాలి? ఏం చేయాలో తోచక ఫోన్ ఆమె చేతికే ఇచ్చాను. ఆమె రెండుసార్లు చూసి, వాచ్‌మన్ భార్య పువ్వు మీది దుమ్ము ఊదుతున్న చోట ఆపింది.

"సూపియ్యి. నన్ను గూడ సూపియ్యి. నాలుగు పూలకు ఆ పిల్లను ఆగం జేస్తమా?" అంది.

మీటింగులో ఫోన్ చేతులు మారినకొద్దీ ఒక్కొక్కరే నేల చూపులు చూశారు. చివరికి ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. "దేవుడికి కోస్తే దొంగతనం ఎలా అవుతుందమ్మా? ఆ అమ్మాయి తలలో పెట్టుకుంది కదా."

అత్తమ్మ లేచి నిలబడింది. "తెంపింది నేను. కింద వడ్డది ఆమె పెట్టుకుంది. గవే పూలు నా దేవునికి పెడితే భక్తి, ఆమె పెట్టుకుంటే దొంగతనమా? తీసేసుడుంటే నన్ను తీసెయ్యుండ్రి, అన్నా."

అత్తమ్మను దేంట్లోంచి తీసేయాలో ఎవరికీ అర్థం కాలేదు. వాచ్‌మన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గర్వంతో నా కళ్లు చెమర్చాయి. వచ్చే ఏడు సంఘం వేసే ముద్ర గురించి పాఠం చెప్పేటప్పుడు దూరం పోనక్కర్లేదనుకున్నాను.

సావాసం పాఠానికి కూడా దూరం పోనక్కర్లేదని మర్నాడు తెలిసింది. గేటు తీసి చూస్తే అత్తమ్మ గొడుగు వంకీతో ప్రెసిడెంటు గారి గులాబీ కొమ్మను వంచి పట్టుకుని ఉంది. కవరు పట్టుకుని కోస్తున్నది వాచ్‌మన్ భార్య. మా వీధిలో అప్పటిదాకా దొంగతనం ఎరగని మనిషి ఆమె ఒక్కతే.