సూర్యుడు రాని ఊళ్ళో కాఫీ

మీరు పాటించే నియమాల్లో, సూర్యుడు ఉదయించని ఊరికి తీసుకువెళ్ళదగ్గది ఒక్కటైనా ఉందా?

పెనుగొండ నుంచి మాతో టూరుకి వచ్చిన పెద్దావిడకు ఒక అలవాటుండేది. పొద్దున్నే కనుబొమల మీద అరచెయ్యి అడ్డం పెట్టి తూర్పుకి చూసేవారు. సూర్యుడు కనిపించేదాకా తిండి మెతుకు కాదు కదా, కాఫీ చుక్కయినా ముట్టేవారు కాదు. పైగా ఆవిడకు షుగరు. మేము వెళ్ళింది డిసెంబరులో, నార్వే ఉత్తరపు కొసకి. ఆ నెలంతా అక్కడ సూర్యుడు పైకి రాడు. ఆ నియమం పెట్టినవాడెవడో గోదావరి దాటి ఉండడు.

మొదటి రాత్రి ఆకాశంలో ధ్రువకాంతులు ఆకుపచ్చని తెరల్లా ఊగుతుంటే ఆవిడా మురిసిపోయి చూశారు. మర్నాడు మాత్రం ఏమీ తినక చేతులు వణకసాగాయి.

భర్త ఫోను పట్టుకొచ్చారు. "వీడియోలో చూడవే, మనూళ్ళో ఎండ మండిపోతోంది."

"ఫోన్లో పూతరేకు చూపిస్తే తిన్నట్టేనా అండి?"

మధ్యాహ్నం గైడు మమ్మల్ని రెయిన్‌డీర్ జింకలను మేపుకునే సామీ తెగవారి గుడారానికి తీసుకువెళ్ళాడు. నిప్పు దగ్గర ఒక ముసలామె కాఫీ కాస్తోంది. సూర్యుడు రాని రోజుల్లో ఏం చేస్తారని ఈవిడ గైడు చేత అడిగించారు.

"ఎదురుచూస్తాం. తింటూ ఎదురుచూస్తాం," అందామె.

ఈవిడ నవ్వి, కొయ్య కప్పు అందుకున్నారు.

కిందటి నెల వాళ్ళింటికి వెళ్ళాను. డాబా మీద అలాగే చెయ్యి అడ్డం పెట్టి తూర్పుకి చూస్తున్నారు. రెండో చేతిలో కాఫీ గ్లాసుంది.

మీ కడుపు మాడుస్తున్న నియమాన్ని ఎవరు, ఏ ఊళ్ళో పెట్టారో రేపు పొద్దున్నే అడగండి. జవాబు వచ్చేదాకా ఆగకండి. ముందు తినండి.