చాక్‌పీసు గీత దాకా నీళ్లు

ఆ నవంబరులో నా స్వెటర్ అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. కృష్ణానగర్‌లో మా గది ఫ్యాన్ రోజంతా తిరుగుతూనే ఉండేది. కింద గల్లీలో ఎవరో పాటలో ఒకే ముక్క పదేపదే పెట్టుకుని స్టెప్పులు నేర్చుకుంటుంటే, గ్రూప్ డాన్సరైన నా రూమ్మేట్ పడుకునే కాళ్లు కదిపేవాడు.

ఇంజనీరింగ్ చదివి సినిమాల్లోకి వచ్చినవాణ్ణి నేను. కంటిన్యుటీ చూడటం నా పని: ఒక షాట్‌లో ఏ వస్తువు ఎక్కడుందో, మళ్లీ తీసేటప్పుడూ అక్కడే ఉండాలి. ఫిల్మ్‌నగర్‌లో వాన పాట కోసం వేసిన పెంకుటిల్లు సెట్ జాబితా ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఇత్తడి గంగాళం, రాతి తొట్టి, రెండు మట్టి కుండలు, మందారం కుండీ కింద పళ్లెం. ఒక్కోదాంట్లో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చాక్‌పీసుతో గీత.

పైపుల వానలో హీరో షాట్లు కొన్ని తీశాక, అతని డేట్లు కుదరక షూటింగ్ నెలపైన ఆగింది. సెట్ కాపలా చూసే పెద్దమ్మకు ఫొటోలు చూపించి, "ఏదీ పారబోయకు. గీత కిందికి దిగితే నీళ్లు పోసి నింపు" అని చెప్పి వచ్చాను.

రెండు వారాలయ్యాక ఒక మధ్యాహ్నం సరిచూడటానికి వెళ్లాను. వెనక గదుల్లేని కిటికీల్లోంచి ఎండ ఇటునుంచి అటు నడిచిపోతోంది. గంగాళంలో ఆకాశం ఉంది. ఆ ఆకాశంలో సన్నటి తోకపురుగులు మెలికలు తిరుగుతూ పైకి తేలి, మళ్లీ మునుగుతున్నాయి. చాలాసేపు చూశాను. అందంగానే ఉన్నాయి.

అంత ఎండలో పెద్దమ్మ శాలువా కప్పుకుని అరుగు మీద కూర్చుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"జర జ్వరం బిడ్డా. కీళ్లు పీకుతున్నయ్. నువ్వు ఫికర్ జెయ్యకు, నీ నీళ్లు గీత కాడనే ఉన్నయ్." చేతి మీద దోమను చరిచింది. "మునుపు దీపావళి పోయి చలి దిగితే గివి కనబడకపోతుండె. గిప్పుడు చలే వస్తలేదు."

ఫోన్‌లో 'లెవెల్ సరిగ్గా ఉంది' అని రాసుకుని వచ్చేశాను.

తరువాతి వారం ఆ సెట్‌లోనే పగటిపూట రిహార్సల్స్ మొదలయ్యాయి. ఆ పాటలోనే ఆడుతున్న నా రూమ్మేట్‌ని ముందు వరసలోకి, హీరో పక్కకు మార్చారు. "మామా, ఈసారి మా అమ్మ తెర మీద నన్ను వెతుక్కోనక్కర్లేదు" అన్నాడు. గల్లీలో టీ బండి దగ్గరా అదే చెప్పాడు.

షూటింగ్ నాలుగు రోజులుందనగా వాడికి జ్వరం వచ్చింది. "కళ్ల వెనకాల ఎవడో స్టెప్పులేస్తున్నాడురా" అని నవ్వబోయి మానేశాడు. రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని వార్డులో చేర్చుకున్నారు.

"చుట్టుపక్కల నీళ్లు నిలవున్నాయా?" అని డాక్టరమ్మ అడిగింది. వెచ్చదనం తగ్గకపోతే గుడ్డు త్వరగా దోమవుతుందనీ, డెంగీ ఉన్నవాళ్లను కుట్టిన దోమ ఒంట్లో వైరస్ కూడా త్వరగా పెరుగుతుందనీ, అది కుట్టేది పగలేననీ చెప్పింది. మా గదిలో నీళ్లు లేవు అనబోయాను. ఆమె ప్రశ్నకు జవాబు నా జేబులో, ఫోన్‌లో, గీతలతో సహా ఉంది.

అటునుంచి అటే సెట్‌కి వెళ్లి ఒక్కో పాత్రా వంపాను.

"అయ్యో, ఏం జేస్తున్నవ్ బిడ్డా? దినాం నేనే పోస్తి గదా!"

"పొయ్యమన్నది నేనే పెద్దమ్మా. తప్పు నాది."

వాణ్ణి కుట్టిన దోమ ఏ పాత్రలోదో నేను నిరూపించలేను. గల్లీలోదైనా కావచ్చు. అయినా పెద్దమ్మ జ్వరం తేదీ, రిహార్సల్ తేదీలు, వాడి జ్వరం తేదీ ఒకదాని కింద ఒకటి రాసి చూసుకున్నాక ఫోన్ మూసేశాను.

హీరో డేట్లు మళ్లీ జారడంతో మిగతా పాట ఇంకో రెండు వారాలకు తీశారు. ఆ పొద్దున గీతల దాకా కొత్త నీళ్లు నేనే పోశాను. ముందు వరసలో వాడి చోట ఇంకొకడు ఆడాడు. మావాడు వద్దంటే వినకుండా వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాళ్లు మాత్రం కదిపాడు.

ప్యాకప్ అనగానే లేచి గంగాళం చెవి పట్టుకున్నాడు. ఒక్కడివల్ల కాలేదు. రెండో చెవి నేను పట్టుకున్నాను. నీళ్లు ఆకాశాన్ని మోసుకుంటూ వాకిలంతా పరుచుకున్నాయి.

"అమ్మకేం చెప్పావురా?"

"ఈ పాటలో వెతకొద్దన్నాను" అన్నాడు, ఖాళీ గంగాళాన్ని బోర్లిస్తూ.